పెదవి మీద పచ్చబొట్టు: వష్మ్ చరిత్రపై ఒక పరిశీలన

ఈ వ్యాసానికి మూలం ఒక సోదరి అడిగిన ప్రశ్న. ఆమె చదువుకున్న గృహిణి. నగరంలో ఒక అలంకరణశాల వారు పెదవులకు సూదియంత్రంతో రంగు ఎక్కిస్తామనీ, అది రెండు మూడేళ్ళు నిలుస్తుందనీ, ఇది పచ్చబొట్టు కాదనీ, “సెమీ పర్మనెంట్” అలంకరణ మాత్రమేననీ ఆమెకు చెప్పారట. ఇది ధర్మసమ్మతమేనా అని ఆమె అడిగింది. ఆ వెంటనే మరో మాట కూడా అన్నది. ఊళ్ళో ఉన్న ఆమె దాదీకి చిన్నతనంలో గడ్డం మీద, ముంజేతి మీద పచ్చ పొడిపించారు. “ఆ పచ్చ ఉన్నంతకాలం నీకు వుజూ నిలవదు, నమాజు చెల్లదు” అని ఎవరో అనగా, ఆ వృద్ధురాలు కుమిలిపోతున్నదట.

ఈ రెండు ప్రశ్నలు వేర్వేరుగా కనిపించినా నిజానికి ఒకే చరిత్రకు చెందినవి. మొదటిది ఇంకా చేయించుకోని వారి సమస్య. రెండవది చేయించుకున్నవారి సమస్య. మన ధర్మశాస్త్రవేత్తలు (ఫుఖహా) ఈ రెండింటినీ ఏనాడూ కలిపివేయలేదు. ఆ సంగతిని గ్రంథాల నుంచీ, సమాజ చరిత్ర నుంచీ చూపడమే ఈ వ్యాస ఉద్దేశం. ఫత్వా ఇవ్వడం మా పని కాదు. అది అర్హులైన ముఫ్తీల పని. అయితే ప్రశ్న అడిగేవారికీ, జవాబు చెప్పేవారికీ వెనుక జరిగినది తెలిసి ఉండటం మేలు.

ఇస్లాంకు పూర్వం

అరబ్బీలో పచ్చబొట్టును “వష్మ్” అంటారు. పొడిచే స్త్రీని “వాషిమా” అనీ, పొడిపించుకునే స్త్రీని “ముస్తౌషిమా” అనీ అంటారు. ఇస్లాంకు పూర్వపు అరబ్బు సమాజంలో ఇది ఎంత మామూలు విషయమో ఆ కాలపు కవిత్వమే సాక్ష్యం. ముఅల్లఖాత్ అని పేరుపొందిన దీర్ఘకవితల్లో కనీసం మూడింట ఈ ప్రస్తావన వస్తుంది. తరఫా, జుహైర్, లబీద్ ముగ్గురూ, ప్రియమైనవారు విడిచిపోయిన గుడారాల ఆనవాళ్ళను చేతిమీది పచ్చబొట్టుతో పోల్చారు. ఇసుకలో సగం చెరిగీ చెరగని గుర్తులు చూసినప్పుడు ఎడారి మనిషికి మొదట తోచిన పోలిక అదే. లబీద్ మరో అడుగు ముందుకు వేసి, పొడిచే స్త్రీ పాత గుర్తుల మీద మళ్ళీ మసి చల్లి వాటిని తాజా చేయడాన్ని కూడా ప్రస్తావించాడు. ఈ లబీద్ తరువాతి కాలంలో ఇస్లాం స్వీకరించాడు.

పద్ధతి చాలా సరళం. సూదితో చర్మాన్ని రక్తం వచ్చేదాకా పొడుస్తారు. ఆ గాయంలో దీపపు మసి గానీ, సుర్మా గానీ, నీలిమందు గానీ నింపుతారు. గాయం మానిన తరువాత ఆ చోటు ఆకుపచ్చగానో నీలంగానో మిగిలిపోతుంది. తెలుగువారు దీన్ని “పచ్చ” అనడంలో ఆ రంగే ఉన్నది.

ఇక పెదవుల విషయం. ముదురు రంగు పెదవులు ఆ కాలపు అరబ్బులకు సౌందర్య చిహ్నం. తెల్లని పండ్లు మరింత మెరిసేలా కనిపించాలని చిగుళ్ళకూ పెదవులకూ సుర్మా అద్దే అలవాటు తరఫా కవితలోనే కనిపిస్తుంది. ఈ అద్దడం ఒకరకం, సూదితో ఎక్కించడం మరొకరకం. ఈ రెంటి మధ్య గీత గీయవలసిన అవసరం తరువాత ధర్మశాస్త్రానికి వచ్చింది.

ప్రవక్త (స), సహాబా కాలం

ఈ విషయమై వచ్చిన హదీసులు ప్రామాణిక సంకలనాల్లో అనేకం ఉన్నవి. వాటిలో ప్రసిద్ధమైనది హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖనం. బుఖారీ, ముస్లిం ఇద్దరూ దానిని నమోదు చేశారు. పచ్చబొట్టు పొడిచేవారు, పొడిపించుకునేవారు, ముఖంమీది వెంట్రుకలు పీకించుకునేవారు, అందం కోసం పండ్ల మధ్య సందులు చేయించుకునేవారు, ఇలా అల్లాహ్ సృష్టిని మార్చే స్త్రీలు శాపగ్రస్తులని అందులో ఉన్నది. ఇదే ఉల్లేఖనంలో ఒక ముచ్చట కూడా ఉన్నది. బనూ అసద్ తెగకు చెందిన ఉమ్మె యాఖూబ్ అనే స్త్రీ ఈ మాట విని ఆయన వద్దకు వచ్చి గట్టిగా నిలదీసింది. తాను ఖుర్ఆన్ మొదటినుంచి చివరిదాకా చదివాననీ, ఈ మాట అందులో ఎక్కడా కనిపించలేదనీ అన్నది. ప్రవక్త (స) ఇచ్చినదానిని స్వీకరించండి, వారించినదానికి దూరంగా ఉండండి అన్న అల్ హష్ర్ సూరాలోని ఆదేశాన్ని (59:7) ఆయన ఆమెకు గుర్తుచేశారు. ఆమె అంతటితో ఊరుకోలేదు. మీ ఇంట్లోనే ఇది జరుగుతున్నదని నా అనుమానం అన్నది. అయితే వెళ్ళి చూడు అన్నారాయన. ఆమె లోపలికి వెళ్ళి చూసింది. ఏమీ కనిపించలేదు. ఒక సాధారణ స్త్రీ అంత పెద్ద సహాబీని ప్రశ్నించగలగడం, ఆయన ఆమెను కసరుకోకుండా ఇల్లు చూపించడం మనం గమనించవలసిన విషయం.

హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో మరొక సంఘటన. పచ్చబొట్టు పొడిచే ఒక స్త్రీని ఆయన ముందుకు తెచ్చారు. ఆయన లేచి నిలబడి, ఈ విషయమై దైవప్రవక్త (స) నోట ఎవరైనా విన్నారా అని అల్లాహ్ మీద ఆన పెట్టి సభను అడిగారు. అప్పుడు హజ్రత్ అబూ హురైరా (రజి) లేచి, తాను విన్నాననీ, పొడవవద్దనీ పొడిపించుకోవద్దనీ ప్రవక్త (స) స్త్రీలకు చెప్పారనీ తెలిపారు. ఇది కూడా బుఖారీలో ఉన్నదే. ఖలీఫా కూడా తీర్పుకు ముందు సాక్ష్యం అడిగారన్నమాట.

మన విషయానికి మరింత దగ్గరి ఉల్లేఖనం హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ది. ఆయన నుంచి నాఫిఅ్ ఉల్లేఖించిన నిషేధపు హదీసు చివర నాఫిఅ్ వివరణ ఒక్క ముక్కలో ఉన్నది: వష్మ్ చిగురు మీద జరుగుతుంది అని. అంటే తొలి తరాల వారికి ఈ మాట వినగానే నోరు, చిగుళ్ళు గుర్తుకు వచ్చేవి. అబూ దావూద్ తన సంకలనంలో, ముఖం మీద సుర్మాతోనో సిరాతోనో పుట్టుమచ్చలు పెట్టే స్త్రీ వాషిమా అని వివరించారు. ఈ రెండు వివరణలను బట్టి, ముఖ సౌందర్యం కోసం చేసేది వష్మ్ క్రిందికి రాదని ఇప్పుడు కొందరు చేసే వాదనకు చరిత్రలో ఆధారం లేదని తెలుస్తున్నది. అది మొదటినుంచీ ముఖ సౌందర్యం కోసం కూడా చేసినదే.

అబూ దావూద్ లోనే హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనంలో ఒక మినహాయింపు కనిపిస్తుంది: “వ్యాధి ఏదీ లేకుండా” చేసినవారికి ఈ శాపం వర్తిస్తుందని. ఈ రెండు మూడు మాటలు తరువాతి చర్చల్లో చాలా బరువు మోశాయి.

హజ్రత్ అస్మా చేతులు

సహాబా కాలం నుంచే మరొక ఉల్లేఖనం మనకు అందుతున్నది. సాధారణ ప్రసంగాల్లో దీనిని ఎక్కువగా చెప్పరు. ఖైస్ బిన్ అబీ హాజిమ్ తన తండ్రితో కలిసి జబ్బుగా ఉన్న హజ్రత్ అబూ బక్ర్ (రజి) ను చూడటానికి వెళ్ళారు. ఆయనకు పరిచర్య చేస్తున్న భార్య హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి) చేతుల మీద పచ్చబొట్టు చూశారు. ఈ ఉల్లేఖనాన్ని ఇమామ్ తబరీ నమోదు చేయగా, హాఫిజ్ ఇబ్నె హజర్ దానిని తన ఫత్‌హుల్ బారీలో ఉదహరించారు.

ఈ అస్మా (రజి) ఎవరు? ఇస్లాంను తొలి దినాల్లోనే స్వీకరించి, భర్త హజ్రత్ జాఫర్ (రజి) తో అబిసీనియాకు వలస వెళ్ళిన మహిళ. ముఅతా యుద్ధంలో (హి. 8, క్రీ.శ. 629) ఆయన వీరమరణం పొందిన తరువాత హజ్రత్ అబూ బక్ర్ (రజి) కు భార్య అయింది. ఆయన మరణించినప్పుడు ఆయన దేహానికి స్నానం చేయించినది కూడా ఆమే.

అటువంటి మహిళ చేతి మీద ఈ గుర్తు ఎలా వచ్చింది? నిషేధం రాకముందు చేయించుకున్నదై ఉండవచ్చు, అది చేతి మీద అలాగే మిగిలిపోయి ఉండవచ్చు అని తబరీ అన్నారు. లేదా చేతికి గాయమైతే మందు వేయగా మిగిలిన మచ్చ పచ్చబొట్టులా కనిపించి ఉండవచ్చునని ఇబ్నె హజర్ అన్నారు. ఏది నిజమైనా, ఆ గుర్తు వల్ల ఆమె గౌరవానికి లోపం వచ్చిందని గానీ, ఆమె నమాజు చెల్లదని గానీ, చర్మం ఒలిపించుకోవాలని గానీ వారు అనలేదు. నిషేధం ఎంత కఠినమో, పాత గుర్తు మోస్తున్న మనిషి పట్ల వైఖరి అంత మృదువు.

పెదవి గురించి ధర్మశాస్త్ర గ్రంథాలు

తరువాతి శతాబ్దాల పండితులు ఈ విషయం రాసినప్పుడు తమ కళ్ళముందు జరుగుతున్నదాన్ని కూడా రాశారు. అందువల్ల ఆ గ్రంథాలు చరిత్రకు కూడా ఆధారాలు.

ఇమామ్ నవవీ (రహ్మ) దమస్కు దక్షిణాన ఉన్న నవా గ్రామస్థుడు. హి. 676 (క్రీ.శ. 1277) లో మరణించారు. సహీహ్ ముస్లిం వ్యాఖ్యానంలో వష్మ్‌ను నిర్వచిస్తూ, అరచేతి వెనుక భాగం, మణికట్టు, పెదవి మొదలైన చోట్ల సూది గుచ్చి, రక్తం కారిన పిదప సుర్మా వంటిది నింపడం అన్నారు. పెదవి పేరు స్పష్టంగా ఉన్నది. ఆ తరువాత ఆయన, దీనిని చికిత్సతో తొలగించడం సాధ్యమైతే తొలగించాలనీ, గాయం చేస్తే తప్ప పోనిదై, అవయవం చెడిపోతుందనీ, పనికిరాకుండా పోతుందనీ, బయటికి కనిపించే చోట పెద్ద వికారం మిగులుతుందనీ భయముంటే తొలగించనక్కరలేదనీ, ఆమె పశ్చాత్తాపపడితే (తౌబా) ఆమె మీద పాపం మిగలదనీ చెప్పారు. ఇది షాఫయీ మార్గపు ప్రముఖ పండితుని మాట.

హాఫిజ్ ఇబ్నె హజర్ (రహ్మ) కైరోలో నివసించి హి. 852 (క్రీ.శ. 1449) లో మరణించారు. ఆయన బుఖారీ వ్యాఖ్యానంలో, అబూ దావూద్ ముఖాన్ని ప్రస్తావించడానికి కారణం అక్కడే సాధారణంగా జరగడమనీ, అందులోనూ ఎక్కువగా పెదవి మీద జరుగుతుందనీ రాశారు.

మన ప్రాంతపు ముస్లింలలో అత్యధికులు అనుసరించే హనఫీ మార్గానికి వస్తే, దమస్కుకు చెందిన అల్లామా ఇబ్నె ఆబిదీన్ షామీ (రహ్మ) వివరణ చాలా స్పష్టమైనది. ఆయన హి. 1252 (క్రీ.శ. 1836) లో మరణించారు. రద్దుల్ ముహ్తార్‌లో శుద్ధి చర్చ చేస్తూ, చేతిని గానీ పెదవిని గానీ సూదితో పొడిచి సుర్మా లేక నీలిమందు నింపితే ఆ పదార్థం రక్తంతో కలిసి అశుద్ధమవుతుందనీ, రక్తం గడ్డకట్టి గాయం మానిన తరువాత మిగిలిన పచ్చదనం పైన కడిగితే అది శుద్ధమేననీ తేల్చారు. కారణం, అది చర్మం ఒలిస్తే తప్ప పోని ఆనవాలు. బట్టకు అంటిన మరక రంగు పోవడం కష్టమైతే వేడినీళ్ళు, సబ్బు వాడమని కూడా షరీఅత్ నిర్బంధించదు. అలాంటప్పుడు చర్మం ఒలవమని ఎలా నిర్బంధిస్తుంది? ఇదీ ఆయన తర్కం.

ఆ దాదీ ప్రశ్నకు జవాబు దాదాపు 200 ఏళ్ళ క్రితమే దమస్కులో రాసి ఉన్నదన్నమాట.

నిషేధానికి కారణం ఏమిటన్న విషయంలో పండితులు అనేక మాటలు చెప్పారు. వాటిలో నేటి ప్రశ్నకు ముఖ్యమైనది ఇమామ్ ఖుర్తుబీ (రహ్మ, మరణం హి. 671, క్రీ.శ. 1273) పేర్కొన్న అభిప్రాయం. అన్ నిసా సూరాలో, మానవుల చేత అల్లాహ్ సృష్టిని మార్పిస్తానని షైతాను పలికిన సందర్భానికి (4:119) వ్యాఖ్యానం రాస్తూ, నిషేధం నిలిచి ఉండే (బాఖీ) మార్పుకే వర్తిస్తుందనీ, కాటుక వంటి నిలవని అలంకరణను ఇమామ్ మాలిక్ (రహ్మ) మొదలైనవారు స్త్రీలకు అనుమతించారనీ ఆయన ఉటంకించారు.

నిషేధం ఉన్నా ఆచారం సాగింది

గ్రంథాలలో ఇంత స్పష్టంగా ఉన్నా, ముస్లిం సమాజాల్లో పచ్చబొట్టు ఆగిపోలేదు. ఇబ్నె ఆబిదీన్ మరణించిన 1836 లోనే లండన్‌లో ఎడ్వర్డ్ లేన్ అనే ఆంగ్లేయుడు ఈజిప్టు ప్రజల ఆచారాల మీద రాసిన గ్రంథం వెలువడింది. కైరోలో సంవత్సరాల తరబడి నివసించి, అరబ్బీ నేర్చి రాసిన పుస్తకం అది. సామాన్య కుటుంబాల స్త్రీలలోనూ, పల్లెల్లోనూ ఈ అలవాటు విస్తారంగా ఉన్నదని ఆయన రాశాడు. ఎగువ ఈజిప్టులో స్త్రీలు పెదవులకే పచ్చ పొడిపించుకుని, సహజమైన రంగును మసకనీలంగా మార్చుకునేవారని కూడా రాశాడు. సాధారణంగా ఏడు సూదులు కలిపి కట్టి పొడిచేవారు. చనుబాలతో కలిపిన మసి రుద్దేవారు. వారం రోజుల తరువాత, గాయం మానకముందే, ఆకుపసరు పూసి రంగు తేల్చేవారు. సంచార స్త్రీలు ఈ పని చేసేవారు. పొడిపించుకునేది ఐదారేళ్ళ బాలికలు.

ఈ చివరి వాక్యం దగ్గర పాఠకులు కాస్త ఆగాలి. ఐదారేళ్ళ బాలిక ఏ తీర్మానం చేసుకున్నది? ఆమె ఇష్టాన్ని ఎవరు అడిగారు? నవవీ గానీ ఇబ్నె ఆబిదీన్ గానీ చూపిన మృదుత్వానికి అర్థం ఇక్కడ తెలుస్తుంది. గుర్తు మోసే మనిషి, గుర్తు వేసిన మనిషి చాలాసార్లు ఒకరు కారు.

సూడాన్‌లో పెళ్ళినాటికి స్త్రీ క్రింది పెదవికి పచ్చ పొడిచే ఆచారం ఇరవయ్యవ శతాబ్దం దాకా ఉండేది. మొరాకో, అల్జీరియాల పర్వత ప్రాంతాల్లో అమాజీగ్ స్త్రీల గడ్డాల మీద నిలువు గీతలు కనిపించేవి. పశ్చిమాఫ్రికాలో ఫులానీ స్త్రీలు నోటిచుట్టూ, పెదవుల మీద నల్లగా పొడిపించుకునేవారు. సెనెగల్‌లో చిగుళ్ళకు పొడిపించుకునే ఆచారం నేటికీ పూర్తిగా పోలేదు. నాఫిఅ్ చెప్పిన “చిగురు మీద వష్మ్” అంటే ఏమిటో అర్థం కానివారికి ఇది సజీవ ఉదాహరణ. ఇరాక్ అరబ్బులలోని పచ్చబొట్టు మీద 1937 లో వెలువడిన ఒక పరిశోధన వ్యాసంలో, అలంకరణ కోసం వేసేవి కొన్ని, నొప్పులకూ దృష్టిదోషానికీ మందుగా వేసేవి కొన్ని అని వేరుచేసి చూపారు.

ఎందుకు సాగింది? అందం ఒక కారణం. పెళ్ళి, తెగ గుర్తింపు ఇంకొన్ని. బిడ్డ బ్రతకాలన్న తల్లి భయం అన్నింటికన్నా బలమైనది. మదరసాలో చదివిన పురుషుని గ్రంథం, చదువులేని స్త్రీ ఉన్న గుడారం దాకా చేరలేదన్నది కూడా నిజం. ఇరవయ్యవ శతాబ్దంలో బడులు, ఆస్పత్రులు, ధర్మప్రబోధం పల్లెలకు చేరిన తరువాత చాలాచోట్ల ఒకటి రెండు తరాల్లోనే ఈ ఆచారం తగ్గిపోయింది. అయితే ధర్మజ్ఞానం సగమే చేరిన చోట ఒక కీడు కూడా జరిగింది. నిషేధం చేరింది, తౌబా ద్వారం తెరిచే ఉన్నదన్న మాట చేరలేదు. ముఖం మీద చిన్ననాటి గుర్తులతో వృద్ధాప్యానికి వచ్చిన స్త్రీలు తమ సంతానం ముందే సిగ్గుపడవలసి వచ్చింది.

చెరిగిపోయే రంగులు

మరోప్రక్క, షరీఅత్ స్త్రీ అలంకరణకు విశాలమైన చోటే ఇచ్చింది. గోరింటాకు, సుర్మా ముస్లిం దేశాలన్నింటా ఉన్నవే. ఉత్తరాఫ్రికా నుంచి పంజాబు దాకా స్త్రీలు అక్రోటు చెట్టు బెరడుతో పండ్లు తోముకుంటారు. అది పండ్లను శుభ్రం చేస్తూనే పెదవులను ఎర్రగా చేస్తుంది. కొన్నాళ్ళకు ఆ రంగు దానంతట అదే పోతుంది.

మన దక్కనులో ఈ స్థానం తాంబూలానిదీ, మిస్సీదీ. మిస్సీ అంటే మాచికాయ, అన్నభేది వంటివాటితో చేసిన నల్లని పొడి. దానిని పండ్లకూ చిగుళ్ళకూ రాసుకునేవారు, పెదవులకు కూడా ఆ నలుపు పట్టేది. దక్కను వాసి జాఫర్ షరీఫ్ రచించగా హెర్‌క్లాట్స్ అనే వైద్యుడు ఆంగ్లీకరించి 1832 లో లండన్‌లో ప్రచురించిన “ఖానూనె ఇస్లాం”లో, దక్షిణ భారత ముస్లిం స్త్రీల అలంకరణల మధ్య మిస్సీ కూడా ఉన్నది. హైదరాబాదు పాత ఇళ్ళలో మిస్సీదాన్ అనే చిన్న పెట్టెలు ఉండేవి. ఇది సూది లేని నలుపు, రక్తం లేని నలుపు.

సూది ఉన్న పచ్చ మన పల్లెల్లో వేరుగా ఉండేది. ఎరుకల స్త్రీలు ఊరూరా తిరుగుతూ పచ్చబొట్లు పొడిచేవారని 1909 లో అచ్చయిన థర్‌స్టన్ సంపుటాల్లోనూ కనిపిస్తుంది. ఇరుగుపొరుగు బాలికలతో పాటు వరుసలో కూర్చున్న ముస్లిం బాలికలూ ఉన్నారు. మన సోదరి దాదీ అలాంటి బాలికలలో ఒకతె.

సూది మారింది, పని మారిందా?

ఇప్పుడు “సెమీ పర్మనెంట్” అనబడే దానిని చూద్దాం. ఇది పూర్తిగా కొత్తది కాదు. లండన్‌లో జార్జ్ బర్చెట్ అనే పచ్చబొట్టు పనివాడు (మరణం 1953) ఇరవయ్యవ శతాబ్దపు పూర్వార్ధంలోనే సంపన్న స్త్రీల ముఖాలకు రంగు ఎక్కించేవాడు. 1980 దశకంలో ఇది అమెరికాలో ప్రత్యేక వృత్తిగా రూపుదిద్దుకున్నది. తరువాత తూర్పు ఆసియాకూ, గల్ఫు దేశాలకూ, మన నగరాలకూ వచ్చింది.

పని జరిగే తీరు ఇది. ముందు పెదవికి మొద్దుబార్చే మందు రాస్తారు. సన్నని సూదులున్న యంత్రంతో రంగును పై చర్మం దాటి లోపలి పొరలో నింపుతారు. పై పొర సుమారు నెల రోజులకొకసారి కొత్తదవుతూ ఉంటుంది. రంగు అక్కడే ఉంటే నెలలోనే రాలిపోవాలి. ఏళ్ళు నిలిచిందంటే లోపలి పొరకు చేరిందనే అర్థం. అక్కడ దేహపు రక్షక కణాలు ఆ రంగు రేణువులను మింగి పట్టి ఉంచుతాయి. ఒక కణం చనిపోతే మరొకటి దానిని అందుకుంటుందని ఎలుకల మీద జరిపి 2018 లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. పెదవి మీద ఇది సాధారణంగా ఒకటి నుంచి మూడేళ్ళు, కొందరిలో ఐదేళ్ళ దాకా ఉంటుంది. కొంత రంగు ఎన్నటికీ పోకపోవచ్చు. అందుకే అమెరికా ప్రభుత్వపు ఆహార ఔషధ సంస్థ దీనిని పచ్చబొట్టులో ఒక రకంగానే లెక్కిస్తున్నది. పేరులో ఉన్న “సెమీ” అనే మాట దేహానికి తెలియదు.

వైద్యపరమైన హెచ్చరికలు కూడా ఉన్నవి. పెదవి మీద సూది పడితే కొందరిలో లోపల నిద్రాణంగా ఉన్న హెర్పీస్ పొక్కులు మళ్ళీ లేస్తాయి. శుభ్రం చేయని సూదుల వల్ల హెపటైటిస్ వంటి రక్తవ్యాధులు సోకవచ్చు. రంగు పడక వాపులు, గడ్డలు రావచ్చు. ఐరోపా సమాజం 2022 జనవరి నుంచి ఈ రంగుల్లో వాడే వేలాది రసాయనాల మీద ఆంక్షలు విధించింది. తొలగించడమూ సులభం కాదు. ఎరుపు, గోధుమ రంగుల్లో ఇనుపు ఆక్సైడు ఉంటే లేజరు కిరణాలు తగిలినప్పుడు అది పోవడానికి బదులు నల్లబడుతుంది. తొలగించడం వల్ల వికారం మిగులుతుందన్న నవవీ భయం మన కాలానికీ వర్తిస్తున్నది.

ప్రస్తుత కాలపు పండితుల మాటలు రెండు విధాలుగా ఉన్నవి. సూది, రక్తం, ఏళ్ళ తరబడి నిలిచే రంగు మూడూ ఉన్నందున ఇది వష్మేనని అధికులు అంటారు. నిజంగా పై పొరకే పరిమితమై, రక్తం రాకుండా, కొద్దికాలంలో పోయేదైతే అది గోరింటాకు వంటిదని మరికొందరు అంటారు. జాగ్రత్తగా చూస్తే ఇది ధర్మసూత్రం మీద భేదం కాదు, వాస్తవం మీద భేదం. సూత్రం ఇరువురికీ ఖుర్తుబీ ఉటంకించినదే. కనుక అడగవలసినది దుకాణం వారు దానికి పెట్టిన పేరును కాదు. సూది ఎంత లోతు దిగుతుంది, రక్తం వస్తుందా, రంగు ఎన్నాళ్ళు నిలుస్తుంది, పైన చెప్పిన వివరాలు ఈ ప్రశ్నలకే జవాబులు.

వ్యాధిగ్రస్తుల విషయం వేరు. పెదవి మీద బొల్లి వచ్చినవారికీ, గ్రహణమొర్రి శస్త్రచికిత్స మచ్చలున్నవారికీ చర్మవైద్యులు ఇదే పద్ధతితో సహజ రంగు తెప్పిస్తున్నారు. ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనంలోని “వ్యాధి ఏదీ లేకుండా” అన్న మినహాయింపు ఇక్కడ గుర్తుకు వస్తుంది. హజ్రత్ అర్ఫజా (రజి) సంగతి కూడా. కులాబ్ యుద్ధంలో ముక్కు పోగొట్టుకున్న ఆయన వెండి ముక్కు పెట్టించుకున్నారు. అది దుర్వాసన పట్టగా, పురుషులకు బంగారం నిషిద్ధమైనా, బంగారు ముక్కు పెట్టించుకోమని ప్రవక్త (స) స్వయంగా చెప్పారు. పోయినదాన్ని తిరిగి పొందడం వేరు, ఉన్నదానితో తృప్తి లేక మార్చుకోవడం వేరు. ఇటువంటి చికిత్స కోరేవారు తమ పరిస్థితిని వైద్యునికీ, ముఫ్తీకీ ఇద్దరికీ చెప్పి నిర్ణయించుకోవడం మంచిది.

ముగింపు

ఈ చరిత్ర అంతటా రెండు విషయాలు జంటగా నడిచాయి. ఒకటి, సూదితో రక్తం తీసి నిలిచే రంగు ఎక్కించడం పట్ల తొలినాటి నుంచీ ఉన్న దృఢమైన నిషేధం. పెదవి అందులో మొదటినుంచీ చేరే ఉన్నది. రెండవది, ఆ గుర్తు ఇప్పటికే ఉన్న మనిషి పట్ల దయ. మొదటిదాన్ని మరచినవారు కొత్త పేరు చూసి మోసపోతారు. రెండవదాన్ని మరచినవారు వృద్ధురాలిని నమాజు నుంచి దూరం చేస్తారు. ఈ రెండవ తప్పు చిన్నది కాదు.

ఆ సోదరికి మేము చెప్పినది కూడా ఇదే. నీ ప్రశ్నకు తొందర లేదు, ముఫ్తీని అడిగి నిదానంగా నిర్ణయించుకోవచ్చు. నీ దాదీ విషయంలో మాత్రం ఆలస్యం చేయవద్దు. ఈ రోజే వెళ్ళి, ఇబ్నె ఆబిదీన్ రాసినది ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పు. హజ్రత్ అబూ బక్ర్ (రజి) పడక ప్రక్కన పరిచర్య చేసిన చేతుల సంగతి చెప్పు. ఆమె వుజూ నీళ్ళు ఆ పచ్చ మీదుగా పారితే చాలు.